నువ్వుల కషాయం

బేరిగై దాటి హోసూరు దారిలో, బస్సు దుమ్ము రేపుకుంటూ తిరిగే మలుపు దగ్గర చెన్నప్ప ఇల్లు. ఇల్లంటే ముందర ఒక వంతు మనుషులకు, వెనక రెండు వంతులు పట్టుపురుగులకు. ఆ ఇంట్లో మనుషులు ఒకపూట పస్తున్నా అడిగేవాళ్లు లేరు కానీ, పురుగులకు మల్బరీ ఆకు అందడం కాస్త ఆలస్యమైతే చెన్నప్ప తల్లి వెంకటలక్ష్మమ్మ ఇల్లు పీకి పందిరి వేసేది. పురుగుల గదిలో బీడీ వాసన రాకూడదు, తాలింపు వాసన రాకూడదు, బయట చేరిన ఆడది ఆ ఛాయలకు కూడా రాకూడదు. వస్తే పురుగులు సున్నం కొట్టినట్టు బిగుసుకుని చచ్చిపోతాయని ఆమె నమ్మకం. అందుకే ఇంట్లో ఏ ఆడది ఎప్పుడు బయట చేరుతుందో ఆమెకు వేళ్ల మీద ఉండేది. కోడలు మరిచిపోయినా అత్త మరిచిపోదు.

ఆ కోడలు కదిరమ్మ. సామల్పట్టి పిల్ల, రైలు కూత విని పొద్దు తెలుసుకుంటూ పెరిగిన పిల్ల. ఇక్కడికి వచ్చాక రైలూ లేదు, కూతా లేదు, పొద్దున లేస్తే మంచు, మల్బరీ తోట, పురుగుల తట్టలు. దానికి ఆమె బాధపడలేదు. ఆమె బాధ వేరు. అప్పటికే రెండు కడుపులు వచ్చి పోయాయి. రెండుసార్లూ నెల తప్పిందని తెలియగానే వెంకటలక్ష్మమ్మ ఆనందం పట్టలేక ఊరంతా బెల్లం పంచింది. రెండుసార్లూ మూడో నెల నిండకుండానే పోయింది. ఓదార్చడానికి వచ్చిన ఆడవాళ్లు ఓదార్చి ఊరుకుంటారా? ఆ బరువు ఎత్తినందుకని ఒకరు, ఆ కాయ తిన్నందుకని ఇంకొకరు, తలకొక కారణం చెప్పి మరీ పోయారు. వాళ్లు పోయాక కదిరమ్మ ఆ కారణాలన్నీ మోసుకుని ఒక్కతే కూర్చునేది.

కృష్ణగిరి దగ్గర ఆనకట్ట కడుతున్న రోజులవి. తమ్ముడి పెళ్లికని సామల్పట్టి పోయినప్పుడు ఆమెకు మళ్లీ నెల తప్పింది. పెళ్లి పందిట్లో అన్నం వాసనకే కడుపు తిప్పుకుపోయి పెరట్లోకి పరుగెత్తింది. తల్లి వెనకే వచ్చి వీపు నిమిరి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

“ఈ తూరి ఎవరికీ చెప్పొద్దు పాపా. మీ అత్తకు కూడా చెప్పొద్దు. నాలుగో నెల పడేదాకా నోరు కుట్టేసుకో. అందరి కండ్లూ నీ కడుపు మీదనే ఉండాయి. ఆ దిష్టికే నిలవడం లే.”

“ఆయనకు?”

“నీ మొగుడి నోట్లో నువ్వుగింజ నానుతుందా? రేపు సంతలో చెప్పేస్తాడు.”

కదిరమ్మ తలూపింది. తిరుగు బస్సులో కృష్ణగిరి కొండలు వెనక్కి పోతుంటే కొంగు కింద చెయ్యి పెట్టుకుని, ఈసారి నిన్ను ఎవరి నోటా పడనివ్వను అనుకుంది. ఆ అనుకోవడంలో ఎంత సంతోషం ఉందో చెప్పలేను. మాట దాచుకోవడం కూడా ఒక సుఖమే, దాచుకోవడానికి మంచి మాట ఉన్నప్పుడు.

అంతా బాగానే ఉంది. కానీ అత్త లెక్క? ఊరొచ్చిన వారానికే వెంకటలక్ష్మమ్మ కోడలి మొహంలోకి చూడడం మొదలుపెట్టింది. చూపులో ప్రశ్న, ప్రశ్న వెనక ఆశ. ఇంకొక్క రోజు ఊరుకుంటే మళ్లీ బెల్లం పంచుతుంది. కదిరమ్మకు ఏమీ తోచలేదు. మర్నాడు పొద్దున్నే చాపా, చెంబూ తీసుకుని పోయి పశువుల కొట్టంలో మూల కూర్చుంది. బయట చేరినాను అని గొంతెత్తి చెప్పింది.

ఇంతకన్నా వెర్రితనం ఉంటుందా అని మీరు అనవచ్చు. అనండి. ఆ ఇంట్లో బయట కూర్చోకపోవడమంటే కడుపుతో ఉన్నానని చాటింపు వేసుకోవడమే. ఆమెకు వేరే దారి ఎక్కడుంది?

నిజం చెప్పాలంటే ఆ మూడు రోజులూ కొట్టంలో ఆమెకు హాయిగానే గడిచింది. ఇంట్లో పొయ్యి మీద రాగిసంగటి ఉడికే వాసన, ఉలవచారు వాసన, పురుగుల కింద మురిగిన ఆకు వాసన, అబ్బబ్బా, ఒకటా రెండా! వేవిళ్ల మనిషికి అది ఇల్లు కాదు, నరకం. కొట్టంలో పేడ వాసనైతే ఉంది గానీ దానికి ఆమె కడుపు ఎందుకో ఎదురు తిరగలేదు. పొద్దున్నే కంచె వెనక్కి పోయి కక్కుకుని, చెంబుడు నీళ్లతో మొహం కడుక్కుని వచ్చి ఎర్రావు పక్కన కూర్చునేది. అత్త దూరంగా పెట్టిపోయిన ముద్దలో సగం ఆవుకే పోయేది.

ఇక్కట్టు కషాయంతో వచ్చింది. రెండో కడుపు పోయినప్పటి నుంచీ వెంకటలక్ష్మమ్మ పట్టిన పట్టు అది. నల్లనువ్వులు దోరగా వేయించి, వాము, మిరియాలు చేర్చి నూరి, బెల్లం వేసి నల్లగా మరిగించేది. బయట చేరిన నాడు తాగితే లోపలి పాత నెత్తురంతా కడుక్కుపోతుందట. పాత నెత్తురు పోతే కొత్త కడుపు నిలుస్తుందట. ఆమె తల్లి ఆమెకు చెప్పింది, ఆమె కోడలికి చేసింది. మనసులో రవ్వంత చెడు లేదు. నువ్వులు కడుపుతో ఉన్న ఆడది తాకకూడదని అదే ఊళ్లో పసిపిల్లను అడిగినా చెబుతుంది. అందుకే కదిరమ్మ ఆ గిన్నె నోటి దగ్గరికి కూడా రానివ్వలేదు. అత్త అటు తిరగగానే తీసుకుపోయి ఎరువుగుంటలో ఒంపేసింది.

నాలుగో నాడు తలస్నానం చేసి లోపలికి వచ్చింది. అక్కడి నుంచి ఆమె పడ్డ పాట్లు పగవాళ్లకు కూడా వద్దు. సంగటి గెలికేటప్పుడు ఊపిరి బిగబట్టేది. బుగ్గన చింతపండు ఉండ పెట్టుకుని పురుగుల తట్టలు శుభ్రం చేసేది. వాంతి వస్తే ఆకు తేవాలని చెప్పి తోటలోకి పరుగెత్తేది. మొదటి రెండుసార్లూ ఇంత వేవిళ్లు లేవు. ఎంత ఎక్కువ కక్కుకుంటే అంత గట్టిగా నిలిచినట్టు అనుకుని, కక్కిన ప్రతిసారీ కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వుకునేది.

ఒకనాడు తోటలో చెన్నప్ప పట్టుకున్నాడు. భుజం మీది ఆకు మూట దించి ఆమెను ఎగాదిగా చూశాడు.

“ఏమ్మే, మొగం అట్ల పాలిపోయింది? తింటా ఉండావా లేదా?”

“తింటా ఉండానులే.”

“హోసూరు సంతకు పోతా ఉండాను. ఏమన్నా కావల్నా?”

పచ్చి మామిడికాయలు అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. అది అంటే చాలు, చెప్పినట్టే. మింగేసింది. మంచివాడే చెన్నప్ప, ఆమె మీద ప్రాణం. కానీ తల్లి మాట చెవిలో గింగురుమంటుంటే ఆమె ఏం చేస్తుంది? ఏమీ వద్దు, తొందరగా రా అని పంపేసింది. అతను మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడి, చెప్పేసి ఉంటే బాగుండునేమో అనుకుంది.

మళ్లీ నెల తిరిగింది. కదిరమ్మ మళ్లీ చాప తీసుకుని కొట్టంలోకి పోయింది. ఇదొక్కసారి దాటితే చాలు, ఇంకోసారికి నాలుగో నెల పడుతుంది, అప్పుడు తనే అత్త కాళ్లకు మొక్కి చెప్పేస్తుంది. అత్త తిడుతుంది, తిట్టి ఏడుస్తుంది, ఏడ్చి బెల్లం పంచుతుంది. అదంతా కళ్లకు కట్టినట్టు తలచుకుంటూ కూర్చుంది.

మధ్యాహ్నం వెంకటలక్ష్మమ్మ గిన్నె తెచ్చింది. తెచ్చి, ఎప్పటిలా పెట్టి పోలేదు. గడప మీద చతికిలబడింది.

“పోయిన తూరి నేను చేసింది యాడ పోసినావు?”

కదిరమ్మ ఎర్రావు వైపు తిరిగి గడ్డి సర్దింది.

“ఎరువుగుంట కాడ చీమలు బారులు కట్టినాయి అమ్మీ. ఎరువుకు చీమలెందుకు వస్తాయి? బెల్లానికి వస్తాయి. కారంగా ఉందని పారబోస్తే ఎట్ల? నీకు బిడ్డ వద్దా?” ఆమె గిన్నె ముందుకు జరిపింది. “నాకూ ముగ్గురు పోయినారు చెన్నప్పకు ముందు. నా బాధ నీకు తెలీదు, నీ బాధ నాకు తెలుసు. నా ముందర తాగు.”

అప్పుడు చెప్పి ఉండవచ్చు. ఆ ఒక్క క్షణం నోరు తెరిచి ఉంటే ఈ కథే లేదు. చెప్పబోయింది కూడా. కానీ అంతలోనే తల్లి మొహం గుర్తుకొచ్చింది, అంతవరకు దాచిందంతా నీళ్లపాలవుతుందని భయమేసింది. పైగా రెండు నెలలుగా అబద్ధంగా కూర్చున్నానని ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? మరొక ఆలోచన కూడా వచ్చింది. అదే ఆమెను ముంచింది. ఏం తిన్నా నిలవడం లేదు కదా, మంచినీళ్లు కూడా బయటికి వస్తున్నాయి కదా, ఇది మాత్రం నిలుస్తుందా? తాగేసి, అత్త పోగానే కక్కేస్తే సరి అనుకుంది.

గిన్నె ఎత్తి గటగటా తాగేసింది. తీపి, కారం, నువ్వుల వాసన.

వెంకటలక్ష్మమ్మ పోలేదు. కోడలు మాట విన్న సంతోషంలో ఆమెకు మాటలు పొంగుకొచ్చాయి. పోయిన ముగ్గురు బిడ్డల గురించి చెప్పింది, చెన్నప్ప పుట్టినప్పుడు తళి ఊళ్లో తన పుట్టింట మంచు ఎంత కురిసిందో చెప్పింది. పెళ్లయినప్పటి నుంచి ఆమె కోడలితో అంత ఆప్యాయంగా మాట్లాడింది లేదు. ఆ ఆప్యాయత ఆ పూటే కావలసి వచ్చింది! కదిరమ్మ ఊ కొడుతూ, వాంతి కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. నీడలు ఆవుల గాడి దాకా సాగాక గానీ అత్త లేవలేదు.

ఆమె అటు పోగానే కదిరమ్మ కంచె వెనక్కి పరుగెత్తింది. వంగింది. ఏమీ రాలేదు. గొంతులో వేలు పెట్టుకుంది. ఉప్పునీళ్లు తప్ప ఏమీ రాలేదు. పొద్దూ మాపూ పేగులు బయటికి వచ్చేటట్టు కక్కిన కడుపు, ఆ పూట మాత్రం పసిబిడ్డలా ముడుచుకుని పడుకుంది. నేల మీద చేతులానించి, రావే, రావే అని తన కడుపును తనే బతిమాలుకుంది.

మర్నాడు బయట చేరిన వాళ్లు చేసే పని ఆమెకూ తప్పలేదు. ఇంట్లోకీ పురుగుల్లోకీ పనికిరారు కానీ ఎరువు తట్టలు మోయడానికి పనికొస్తారు. మల్బరీ తోటకు తట్ట మోస్తుంటే నడుములో పోటు మొదలైంది. తట్ట అక్కడే దించేసి కొట్టంలోకి వచ్చి చాప మీద పడింది. సాయంత్రానికి చాప తడిసింది.

కషాయం వల్లనా, ఎరువు తట్ట వల్లనా, లేక మొదటి రెండింటిలాగే దానంతటదే పోయిందా, ఎవరు చెప్పగలరు? కదిరమ్మకు మాత్రం అనుమానం లేదు. తన చేత్తో తనే గిన్నె ఎత్తింది.

గుడ్డలు చూసి వెంకటలక్ష్మమ్మ మొహం వెలిగింది.

“చూసినావా అమ్మీ! నా కషాయం పని చేసింది. పాత నెత్తురంతా పోతా ఉండాది. ఇంక ఈ తూరి వచ్చిందంటే నిలుస్తుంది చూడు.”

కదిరమ్మ గోడవైపు తిరిగింది. మొదటి రెండుసార్లు పోయినప్పుడు ఇంట్లో పొయ్యి వెలగలేదు. అత్త గుండెలు బాదుకుంది, చెన్నప్ప రెండు రోజులు తోటకు పోలేదు. ఈసారి ఎవరూ ఏడవలేదు. ఎందుకు ఏడుస్తారు? లోకం లెక్కలో అక్కడ బిడ్డే లేదు. నాలుగో నాడు తలంటుకుని లోపలికి వచ్చింది, పురుగులకు ఆకు వేసింది, సంగటి గెలికింది. సంగటి వాసనకు ఏమీ అనిపించలేదు. అప్పుడు పొగ కళ్లల్లో పడిందని చెప్పి పొయ్యి ముందరే కూర్చుని ఏడ్చింది.

తర్వాత ఇంకెప్పుడూ ఆమె ఉత్తుత్తిగా కూర్చోలేదు. రెండేళ్లకు మళ్లీ నెల తప్పినప్పుడు ఆ పూటే అత్తకు చెప్పేసింది. బెల్లం పంచారు. ఆ కడుపు నిలిచింది, ఆడపిల్ల పుట్టింది. వెంకటలక్ష్మమ్మకు ఇక పట్టపగ్గాలు లేవు. నా కషాయంతోనే నా కోడలు తల్లయింది అని బేరిగై నుంచి హోసూరు సంత దాకా చెప్పుకుంది. ఆడవాళ్లు వెతుక్కుంటూ వచ్చి నువ్వులెన్ని, మిరియాలెన్ని అని అడిగిపోయేవాళ్లు. కదిరమ్మ పిల్లను ఒళ్లో వేసుకుని అన్నీ వినేది. చెబితే ముసలామె గుండె ఆగిపోతుందని ఊరుకునేది. ఊరుకుని ఊరుకుని అది ఆమెకు అలవాటైంది.

చెన్నప్ప తమ్ముడికి పెళ్లయి, అతని భార్య కాళమ్మ కాపురానికి వచ్చేసరికి వెంకటలక్ష్మమ్మకు చూపు తగ్గింది. కషాయం కాచడం ఆమె వంతు, తీసుకుపోయి ఇవ్వడం కదిరమ్మ వంతు. కాళమ్మకు పెళ్లయి ఏడాది దాటినా కడుపు పండలేదు. ఒకనాడు ఆ పిల్ల కొట్టంలో అదే మూల కూర్చుని ఉంది. కదిరమ్మ గిన్నె పట్టుకుని పోయింది. ఇవ్వలేదు, పట్టుకునే నిలబడింది.

“కాళమ్మా, ఒక మాట. నిజంగానే బయట చేరినావా?”

ఆ పిల్ల పకపకా నవ్వింది.

“ఇదేమి అడగడం అక్కా? ఎవరైనా ఉత్తుత్తిగా వచ్చి ఈడ కూర్చుంటారా?”

“నేను కూర్చున్నాను.”

పదేళ్లలో ఆ మాట బయటికి రావడం అదే మొదలు. కాళమ్మ నవ్వు ఆగిపోయింది. కదిరమ్మ గిన్నెను చాపకు దూరంగా గోడ వారన దించింది. ఇంట్లోంచి ముసలామె గొంతు వినిపించింది.

“తాగిందా అమ్మీ?”

కదిరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

“తాగుతా ఉండాది అత్తా,” అని, కాళమ్మ పక్కన నేల మీద కూర్చుంది.