అద్దరిదేశంలో మరిదికి చోటు

మా అక్క విజయదుర్గ గురించి సెప్పమంటే నాకు ముందు మా మరిది మీదకే నోరు లేస్తాది. ఏటి సెయ్యను, ఆడు సేసిన పని అలాటిది. అక్కంటే తోడబుట్టింది కాదు, తోటికోడలు. ఆవిడ పెద్దకోడలు, నేను రెండో కోడల్ని, బుల్లిని. ఒరిస్సా జయపురంలో మాది సింతపండు హోల్‌సేల్ కొట్టు. బావగారు పెద్దబ్బాయి గల్లాపెట్టె దగ్గర కూర్చుంటారు. మా ఆయన లారీల ఎనకాల తిరుగుతారు. మూడోవోడు రాకేష్ ఫోను సూస్తాడు. అదే ఆడి ఉద్యోగం.

అక్కది పార్వతీపురం. పదో తరగతి అవ్వగానే పెళ్లి సేసి ఇటు పంపేసేరు. కొట్టు ఎనక గోడౌన్లో కొండ ఊళ్ల ఆడోళ్లు కూర్చుని సింతపండు కొట్టి గింజ తీస్తారు. ఆళ్లని సూసుకోవడం అక్క పని. ఆవిడకి తొలిచూలు ఆడపిల్ల. పుట్టిన మర్నాడే పోయింది, మళ్లీ కడుపు పండలేదు. ఆ బిడ్డకి పేరైనా పెట్టనివ్వలేదు మా అత్తగారు కృష్ణవేణమ్మ, పోయినదానికి పేరేటని. అక్క సానాళ్లు నోరు తెరవలేదు. ఆ తర్వాత ఓ మద్దేనం గింజలు తీస్తా తీస్తా ఉన్నట్టుండి మొదలెట్టింది: "కోలాబు ఏటికి అద్దరిని ఒక దేశముంది. అక్కడ సిట్టెమ్మని ఒక పిల్లుంది."

అంతే, ఇంక ఆగలేదు. ఏళ్ల తరబడి రోజూ మద్దేనం అదే కథ, సగం తెలుగు, సగం ఆ కొండోళ్ల బాస దేశియా. ఆళ్లు ఊఁ కొడతా పండు కొట్టేవోరు. అద్దరిదేశంలో ఆడది బయల్దేరితే ఎక్కడికని ఎవరూ అడగరు. ఆకలేసినోడే పొయ్యి ముట్టిస్తాడు. ఒకరు సేసిన వస్తువు ఇంకొకరు ఎత్తుకుపోతే, ఆ వస్తువే సేసినోళ్ల గొంతుతో కేకలేస్తాది. సిట్టెమ్మ ఏటేటా పెరిగింది. ఆ పిల్లెవరో ఇంట్లో ఎవరికీ పట్టలేదు గానీ నాకు తెలుసు.

"నిజంగా అలాటి దేశముంటే ఎల్లిపోతావా అక్కా?" అని అడిగేను ఒకసారి.

"సెప్పులు కూడా ఎతుక్కోను బుల్లీ" అంది. నవ్వులాటకి కాదు.

మా అమ్మాయి బిందుశ్రీ రాయగడలో కాలేజీ సదువుతంది. ఓ రోజు పొద్దున్నే ఫోను సేసి, "అమ్మా, పెద్దమ్మ కథ యూట్యూబులో వస్తంది! సిన్నాన్న పేరు మీద!" అంది. ఓలమ్మో అనుకుని పెట్టి సూసేను. ముందు సంగీతం, ఆ తర్వాత మొగ గొంతు: రచన, సమర్పణ రాకేష్. కింద జనం మెచ్చుకోళ్లు.

ఎలగంటే, సార్జింగు పెట్టేనని ఫోను గోడౌన్లో బస్తా మీద వదిలీసి పోయేవోడు. అది అక్క కథంతా పట్టేసేది. నా కథే, ఒదిన సేత సెప్పించేనని దాన్ని ఇశాపట్నంలో ఒకాయనకి పంపీస్తే ఆయన అందులోని తెలుగు ముక్కలేరుకుని మంచి తెలుగులో సదివి ఎక్కించేవోడు. మావోడు ముందూ ఇనడు, ఎనకా ఇనడు. అంత బద్దకం.

నా పేరేదని అక్క భోజనాల దగ్గర ఆణ్ణి అడిగింది. "ఆడోళ్ల కబుర్లకి పేరేటొదినా, ఊసుపోక సెప్పుకున్నవే కదా, అదన్నమాట" అన్నాడు, సేప ముల్లు తీసుకుంటా. అదన్నమాట అనకుండా ఆడి మాట పూర్తవదు. అత్తగారు "కథలకి కూడా వాటాలేటే, పేరు మనింట్లోనే ఉంది కదా" అనీసింది. బావగారు మజ్జిగ పోసుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. అక్క సెయ్యి కడుక్కుని లేచిపోయింది.

అక్కడితో ఆగినా పోయేది. కొరాపుట్ నుంచి కేబుల్ టీవీవోళ్లు వచ్చేరు, మావోణ్ణి వీధి గదిలో కూర్చోబెట్టి అడిగేరు: "మీరు సృష్టించిన దేశంలో మీరుంటారా?"

"ఉండకేం? నేను కట్టిన దేశం, అదన్నమాట. అక్కడ నేనే రాజుని." ఇంకా పచ్చరాయి ఉంగరం పెట్టిన ఏలితో రంగేసిన మీసం దువ్వుకుంటా, "ఆ సిట్టెమ్మని మాత్రం తొందర్లో సంపేస్తాను. జనానికి ఏడుపు కావాలి" అన్నాడు.

ఆళ్లకి టీ పట్టుకెళ్తన్న అక్క గుమ్మంలోనే ఆగిపోయింది. పళ్లెం నా సేతిలో పెట్టీసింది.

"నా పిల్లని రెండోసారి సంపుతాడా బుల్లీ?" అంది. మళ్లీ తనే, "ఆ దేశంలో ఉంటానన్నాడు కదా. ఉండనీ, సోటిస్తాను" అంది.

మర్నాడు గోడౌన్లో ఫోను మామూలుగా బస్తా మీదుంది. అక్క దాని పక్కనే పీటేసుకుంది. ఆ రోజు దేశియా ముక్కొక్కటి లేదు, అంతా తెలుగే. అద్దరిదేశానికి ఇద్దరి నుంచి, అంటే ఏటికి ఈ గట్టు నుంచి, ఒక దొంగ వచ్చేడంట. ఏలికి పచ్చరాయి ఉంగరం, మీసానికి రంగు, మాటకి ముందొకటి ఎనకొకటి అదన్నమాట. ఈ దేశం నాదే అన్నాడంట. అనగానే అక్కడి రాయీ రప్పా ఒక ఆడదాని గొంతుతో గొల్లుమన్నాయంట. సిట్టెమ్మ ఆడి కాలరు పట్టుకుని నిజం సెప్పమంది. దొంగ బోరుమన్నాడు: "నా పేరు రాకేష్. జయపురం సింతపండు కొట్టులో మూడోవోణ్ణి. ఈ దేశం మా పెద్దొదిన విజయదుర్గది. బస్తా మీద ఫోను పెట్టి దొంగిలించేను. అన్నల తిండి తిని, ఒదిన కథ అమ్ముకున్నాను."

తెలుగు తెలిసిన ఆడోళ్లు మిగతావోళ్లకి సెప్పేరు. పండు కొట్టడం మానేసి అందరూ నోరు నొక్కుకుని ఒకటే నవ్వు. నేను మాత్రం, దేవుడా, ఈ ఒక్కసారికీ ఆడు ఇనకుండా సూడు అనుకున్నాను. ఆడొచ్చేడు, ఫోను తీసేడు, నిలబడే పంపీసేడు, పాన్ కోసం ఎల్లిపోయేడు. ఇశాపట్నం ఆయన ఇంకా మురిసిపోయేడంట, సారు తనని తానే పాత్ర సేసుకున్నారని. మంచి ఏడుపు గొంతు పెట్టి మరీ సదివేడు.

ఇంకేటుంది! మిల్లు కాడ అదే, ఆటోల కాడ అదే. తెలుగు రానోళ్లు ఒడియాలో సెప్పించుకుని మరీ ఇన్నారు. మావోడు తీసేసినా లాభం లేకపోయింది, అప్పటికే అందరి వాట్సాపుల్లోకీ ఎక్కిపోయింది. "అదన్నమాట రాజుగారూ" అని కూరగాయలోళ్లు కూడా పిలిచేరు. నా కడుపు నిండిపోయింది, అబద్దమెందుకు!

ఆడు గోడౌన్లోకొచ్చి అక్క కాళ్ల కాడ కూలబడ్డాడు. "ఒదినా, బైట మొకం ఎత్తుకోలేకపోతన్నాను. దొంగని క్షమించినట్టు ఇంకో కథ సెప్పు." ఎనకాలే అత్తగారు, "పోనీయే, ఇంటి మొగోడు" అంటా.

"ఇంటి పిల్ల కూడా ఉంది" అంది అక్క. "దాన్ని సంపుతానంటే మీరెవరూ పోనీ అనలేదు."

అత్తగారు కొంగు దులుపుకుని ఇంట్లోకి ఎల్లిపోయింది.

ఆడి సేతే తప్పు ఒప్పించి, యూట్యూబులో కథకి తన పేరు పెట్టించుకుంది. ఆ తర్వాతే ఇంకో కథకి ఒప్పుకుంది. ఆ మద్దేనం ఆడే ఫోను పట్టుకుని కూర్చున్నాడు. అక్క కథలో సిట్టెమ్మ తీర్పు సెప్పడానికి వచ్చింది. దొంగ ఏడుస్తన్నాడు.

"క్షమించేసిందని అనీ ఒదినా" అని గొణిగేడు.

అక్క సింతగింజ తీసి అవతల పడేసింది.

"ఫోను దగ్గరగా పట్టుకో బాబూ, ఆడి ఏడుపు బాగా ఇనబడాల. సిట్టెమ్మకేటీ తొందర్లేదు."