బడి వరండాలో బిళ్ళల బోర్డు

"కాకా పోయిండక్కా, పొద్దుగాల దవాఖానల" అని పక్కింటామె గోడ మీదుగా చెప్పింది. శ్రీరాంపూర్ బొగ్గు గనుల్లో పనిచేసి రిటైరైన ఆ మనిషి మా వాగొడ్డు వీధికంతటికీ కాకాయే. నాకు వెంటనే ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆయన దగ్గర ఒప్పుకోవాల్సిన తప్పు ఒకటి ఒప్పుకోకుండానే ఉండిపోయాను.

గనిలోకి దిగేవాళ్ళు తమ నంబరు బిళ్ళ పైన ఇచ్చి దిగుతారు, పైకొచ్చాక తీసుకుంటారు. బిళ్ళ మిగిలితే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. కాకా ఆ పద్ధతినే తిరగేసి మా వీధికి తెచ్చాడు. వాగు పొంగితే అందరం గడ్డ మీది బడికి పోవాలి. పోయినవాళ్ళు తమ పేరున్న రేకు బిళ్ళను వరండాలో బోర్డు మీద తమ పేరు కింది మేకుకు తగిలించాలి. ఏ మేకు ఖాళీగా కనిపిస్తే ఆ మనిషి కోసం తాడు పట్టుకుని వెతకబోవాలి.

వానలకు ముందే ఇల్లిల్లూ తిరిగి అందరినీ మోరీలో పూడిక తీయడానికి లాక్కొచ్చేవాడు. మున్సిపాలిటీకి ఒక్కడే పోయేవాడు కాదు, వీధంతా కదలాల్సిందే. ఒకరితో ఒకరికి మాటల్లేని రెండిళ్ళవాళ్ళకు తాడు చెరో కొస ఇచ్చి, "మాట్లాడుకోకుంటె మానె, తాడు మాత్రం ఇడువకుండ్రి" అనేవాడు. బీడీ మానమంటే మాత్రం మా మీద కస్సుమనేవాడు.

రెండేళ్ళ కింద ఓ మధ్యాహ్నం వాగు వీధిలోకి వచ్చేసింది. మూలింటి అవ్వ తన బిళ్ళ నా చేతిలో పెట్టి, "నువ్వు నడువు బిడ్డా, ఎనకనే వస్తున్న" అంది. బడికి చేరి నా బిళ్ళతో పాటు ఆమెదీ తగిలించాను. ఆమె మేక కోసం వెనక్కి మళ్ళిందని నాకు తెలియదు. మేకులన్నీ నిండాయి. అయినా కాకా ఒక్కో పేరూ పిలిచాడు. "బిళ్ళ పలుకది, మనిషి పలుకాలె" అన్నాడు. అవ్వ పలకలేదు.

ఇద్దరిని వెంటబెట్టుకుని, ఛాతీ లోతు నీళ్ళలో పోయి ఆమెను తెచ్చాడు. వణుకుతూనే, "గీ బిళ్ళ ఎవలు పెట్టిన్రు?" అని అడిగాడు. నేను తల దించుకున్నాను. అవ్వ కూడా నా పేరు చెప్పలేదు. ఆయన మళ్ళీ అడగలేదు. ఆ తర్వాతే ఆయన దగ్గు ముదిరి మంచం పట్టించింది. అది ఎన్నాళ్ళనాటిదో బొగ్గు దుమ్ము అన్నాడు డాక్టరు. నా మనసు మాత్రం ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు.

పదకొండో రోజు కాకా ఇంటి ముందు వేసిన టెంటు కింద అందరం కూర్చున్నాం. వానలు దగ్గరపడ్డాయి. బోర్డు ఇక నన్ను చూసుకోమన్నారు. "నువ్వైతే పక్కాగ ఉంటవ్" అన్నారు. ఆ మాట విని ఇక ఆగలేకపోయాను.

"గా దినం అవ్వ బిళ్ళ పెట్టింది నేనే."

ఒకాయన నా వైపు చూడకుండానే, "మరి ఇంకెవలకన్న ఇద్దామా?" అన్నాడు.

"ఆమెకే ఇయ్యుండ్రి" అంది అవ్వ. "ఇగ అందరికంటె ముంగట నా పేరే పిలుస్తది."

టెంటు మీద చినుకులు మొదలయ్యాయి. అందరం ఒక్కసారే వాగు వైపు చూశాం.