చీకటికి మార్కులు

ఆ రోజుల్లో చీకటికి మార్కులు వేయడం నాకు బాగా వచ్చనుకునేదాన్ని. ఇప్పుడు ఆ ధీమాలో పావు వంతు ఉన్నా బాగుండేది. (పాప పడుకుంది. ఊపిరి తీస్తోందో లేదో రెండుసార్లు చూసి వచ్చి కూర్చున్నాను. ఈ పేరా అయ్యాక మళ్ళీ చూస్తాను.) డిగ్రీ పాసైనందుకు బాపు నాకు సబ్బుపెట్టెంత డిజిటల్ కెమెరా కొనిచ్చాడు. నచ్చకపోతే నాలుగు రోజుల్లో వాపస్ తెమ్మన్నాడు మంచిర్యాల దుకాణం చాచా. సరిగ్గా అప్పుడే మా నస్పూర్ చర్చి పాస్టరుగారు కొత్త సంవత్సరం క్యాలెండర్ మీదికి క్రిస్మస్ కొవ్వొత్తుల ఆరాధన ఫోటో నన్నే తీయమన్నారు. షరతు ఒక్కటే: "ఫ్లాష్ మాత్రం కొట్టకమ్మా. పోయినేడు ఎవలో ఫ్లాష్ కొడితే, ప్రభువు వచ్చిండని ఒక పెద్దమ్మ లేచి నిలవడ్డది."

కాబట్టి ఆ కెమెరా చీకట్లో పనికొస్తుందో లేదో నాలుగు రోజుల్లో తేల్చాలి. పనికిరాకపోతే ఆ ఫోటో తీసే పని ఊళ్ళోని స్టూడియో అన్న చేతికి పోతుంది. నా పేరు క్యాలెండర్ మీద పడుతుందని అప్పటికే కాలేజీ స్నేహితురాళ్ళందరికీ చెప్పేశాను. వెంటనే ఇంటర్నెట్లో కూర్చుని, చీకటి ఫోటోల్లో ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలను 'నాయిస్' అంటారని నేర్చుకుని, పరీక్ష పెట్టాను. మధ్యాహ్నమే కిటికీకి నల్ల గొంగడి కట్టి, తలుపు మూసి, ఒక్క కొవ్వొత్తి వెలిగించాను. ఇక మనిషి కావాలి. సరిగ్గా అప్పుడే బాపు బొగ్గు బాయిలో మొదటి షిఫ్టు దిగి ఇంటికొచ్చాడు.

"జర తానం చేసొస్త బిడ్డా."

"ఒక్క నిమిషం బాపూ, కూసో. కొవ్వొత్తి అయిపోతది."

"పొద్దుగాల సంది చీకట్లనే ఉండొస్తి, మళ్ల చీకట్లనే కూసోమంటివి," అంటూనే ఆ గొంగడి ముందు కూర్చుని, పళ్ళు బయటపెట్టి కదలకుండా నవ్వాడు. ఇరవై ఫోటోలు తీశాను. ఒక్కదాంట్లోనూ సరైన ముఖం లేదు.

"నాయిస్ చాన ఉన్నది బాపూ," అన్నాను దిగులుగా.

బాపు కెమెరా తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. కాసేపు శ్రద్ధగా విన్నాడు. "సప్పుడేం ఇనవడతలేదు గద బిడ్డా!"

మూడో రోజు ఇద్దరం దుకాణానికి వెళ్ళాం. నేను డైనమిక్ రేంజి అనీ, నాయిస్ అనీ గడగడా చదివేశాను. చాచా కళ్ళద్దాలు పైకి తోసుకుని ఫోటోను చాలాసేపు చూశాడు.

"బేటీ, గీ ఫోటోల ఎవలున్నరు?"

"మా బాపు."

"ఏడ?"

నేను నోరు తెరిచేలోపు బాపు ముందుకు వంగి, తెరమీద వేలు పెట్టి, ఏ మాత్రం మొహమాటం లేకుండా చెప్పాడు. "గియ్యే. గీ పండ్లు నావే."

దుకాణంలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. చాచా మాత్రం నవ్వలేదు. లైటు ఆర్పి, దుకాణం షట్టరు దించి, అగ్గిపుల్ల వెలుగులో బాపును ఫోటో తీసి నాకు చూపించాడు. చెంప మీది గాటు, తెల్లబడ్డ కనుబొమ్మ, అన్నీ ఉన్నాయి. "కెమెరాకు ఫికర్ లేదు బేటీ. మొకాన బొగ్గు, ఎనుక నల్ల గొంగడి! మీ బాపుకు ముందు తానం చేపియ్యి."

ఆరాధన సాయంత్రం బాపును రెండుసార్లు స్నానానికి పంపాను. "బాప్తిస్మమే ఒక్కసారయ్యె, గిదేంది బిడ్డా!" అని గొణిగాడు. చర్చిలో దీపాలార్పారు. కెమెరా కదలకుండా బెంచీకి మోచేతులు ఆనించి తీశాను. చెదరకుండా వచ్చింది ఒకే ఒక్క ఫోటో. అందులో అందరి చేతుల్లో కొవ్వొత్తులు, అందరి కళ్ళూ మూతపడి ఉన్నాయి, మూడో వరసలో ఒక్క మనిషివి తప్ప. ఆయన కెమెరా వైపు తిరిగి ముప్పై రెండు పళ్ళూ చూపిస్తున్నాడు.

"మీ బాపు ప్రార్థన చేస్తలేడు గదమ్మా," అన్నారు పాస్టరుగారు. అయినా వేరే ఫోటో లేక అదే అచ్చువేశారు. ఇంటికొచ్చి బాపును నిలదీశాను.

"మొన్న కనవడతలేనంటివి గద. మళ్ల నీ కెమెరాకు పేరు చెడుతదేమోనని..." అన్నాడు.

ఆ ఏడాది అయిపోయి ఎన్నేళ్ళయినా అవ్వ, అంటే మా అమ్మ, ఆ క్యాలెండర్ గోడ మీంచి తీయనివ్వదు. ఇప్పుడు నా ఫోన్ జీరో బల్బు వెలుగులో కూడా పాప ముఖాన్ని పట్టపగల్లా చూపిస్తుంది. చూసి మార్కులు వేసే తీరికే లేదు. ఇవాళ సాయంత్రం బాపు ఫోన్ చేసేసరికి పాప గుక్కపట్టి ఏడుస్తోంది. కడుపునొప్పేమో, జ్వరమేమో అని నాకూ ఏడుపొచ్చేలా ఉంది.

"మనుమరాలు ఎట్లున్నది బిడ్డా?"

"నాయిస్ చాన ఉన్నది బాపూ."

అవతల బాపు ఫోన్ చెవికి ఇంకాస్త నొక్కి పెట్టుకుని శ్రద్ధగా వింటున్నాడని తెలుస్తూనే ఉంది.

"అవ్ బిడ్డా, గిప్పుడు ఇనవడ్డది," అన్నాడు. "కాని నాలుగు రోజులు దాటినయ్ గద, ఇగ వాపస్ తీసుకోరు."