చోటు మారిన ఉలి

మా ఆయన వడ్రంగి. పోయిన నెల కొట్టం గోడకు అంచు ఏటవాలుగా కోసిన చెక్క పట్టీలు కొట్టి, పనిముట్లన్నీ వాటికి తగిలించారు. ఏ పనిముట్టునైనా పట్టీ మీద ఎటైనా జరుపుకోవచ్చు. నిన్న అమావాస్య పూజకు అన్నీ దింపి బొట్లు పెట్టాను. మళ్లీ తగిలించేటప్పుడు చిన్నాపెద్దా వరుసలో అందంగా సర్దాను.

ఈ రోజు పొద్దున సుత్తి అనుకొని ఆయన చెయ్యి వేస్తే ఉలి అంచు అరచేతిలో దిగింది.

“ఎదురుంగనే ఉంది గదరా, కండ్లు ఏడ పెట్టినవ్?” అని అత్త కసిరింది.

నేను కట్టు కడుతుంటే ఆయన మెల్లగా అన్నారు. “కండ్లు కానొస్తలేవే. తడిమి తీసుకోనీకే గోడ గిట్ల చేసిన. అమ్మకు చెప్పకు.”

సాయంత్రం ఆయన చెప్తుంటే ఒక్కోటీ పాత చోటనే తగిలించాను. ఇల్లు బాగా సర్దుతానని పుట్టింట్లో నాకు పేరు. అత్తకు చెప్పాలా, వద్దా? మీరైతే ఏం చేస్తారు?