డాబా మీది డ్రమ్ము

చంద్రావతి తన అన్న దినాలకు సిరిసిల్ల పోయినప్పుడు, ఇంటి ఓనరు హనుమత్ప్రసాద్ డాబా ఎక్కి మిగిలిన అన్నంతో గ్యాసు తయారయ్యే ఆమె డ్రమ్ములో డబ్బాడు ఫినాయిల్ వంపేశాడు. పైన బ్లీచింగ్ పౌడరు చల్లాడు. కక్ష ఏమీ లేదు. కంపు కొడుతోందని శుభ్రం చేశాననుకున్నాడు. ఆమె తిరిగొచ్చేసరికి, గ్యాసు నిండితే పైకి తేలే డ్రమ్ము మూత దిగిపోయి ఉంది. పొయ్యి వెలగలేదు.

"ఏంటమ్మా అలా మొహం పెట్టారు? కడిగాను కదా!"

"కడగలే సారూ. సంపిండ్రు."

అమీర్‌పేట సందులో ఆమెది చిన్న మెస్. కోచింగులకొచ్చిన కుర్రాళ్లు సగం తిని వదిలేసే అన్నం చూసి ఆమె కడుపు మండేది. ఆ అన్నమే డ్రమ్ములో వేసి, వచ్చిన గ్యాసుతో వండేది. అక్కడే తినే నరేశ్ ఏ ఉద్యోగమూ దొరక్క, లోకం మీద పళ్లు నూరుతూ, పాత పుస్తకాలు చదివేవాడు. చచ్చిందేమిటో అతనే చెప్పాడు.

"డ్రమ్ముల రెండు జట్లుంటయక్కా. బ్యాక్టీరియా అన్నాన్ని కుళ్లబెట్టి పుల్లగ చేస్తది. ఆ మిగిలింది తిని మండే గ్యాసు ఇచ్చేటివి ఆర్కియా. సూస్తే బ్యాక్టీరియా లెక్కనే ఉంటయి, జాతే వేరు. గాలి తగిలితే బతకయి. వరి మడి బురదల, బర్రె కడుపుల ఉంటయి."

"బర్రె కడుపులనా? అయితే దొరుకుతయి తియ్."

హనుమత్ప్రసాద్ మాత్రం గడువు పెట్టాడు. "ఉగాదిలోపు వెలగకపోతే డ్రమ్ము దించేయండి."

ఫినాయిల్ వాసన పోయేదాకా ఆమె డ్రమ్ము కడిగింది. యూసుఫ్‌గూడ పాలవాళ్ల కొట్టంలో పచ్చి పేడ బకెట్లకెత్తి ఆటో ఆపింది.

"అమ్మా, గిది లగేజా, సవారీయా?" డ్రైవరు ముక్కు మూసుకున్నాడు.

"సవారీనే. మస్తు ప్రాణాలున్నయ్. జర మెల్లగ పోనియ్."

కొన్నాళ్లకు మూత కొంచెం లేచింది. ఆ సంతోషంలో ఆమె మెస్‌లో మిగిలిన అన్నమంతా, పులిహోరతో సహా, ఒక్కసారే గుమ్మరించింది. మర్నాడు మూత బాగా పైకి లేచి నిలబడింది. అగ్గిపుల్ల గీసి పెడితే పుల్లే ఆరిపోయింది.

నరేశ్ పెదవి విరిచాడు. "మొదటి జట్టు జోరుగ పెరుగుతదక్కా. ఆర్కియా నిదానం. అవి అందుకునేలోపల అంత పుల్లగైపోయింది. గీ గ్యాసు మండది. ఇడిసెయ్, సారుకు సుత గదే కావాలె."

"నువ్వు అన్నీ ఇడిసిపెట్టినవని నన్ను సుత ఇడిసిపెట్టమంటవా?"

అతను సున్నపుతేట కలపడానికి కూర్చున్నాడు. అది పోసి, పులుపు విరిగేదాకా ఆమె డ్రమ్ముకు పస్తు పెట్టింది. మళ్లీ పేడ తెచ్చి పోసింది. తర్వాత రోజుకో మగ్గు గంజి, అంతే. మిగిలిన అన్నం వీధి ఆవులకు వేసింది గానీ డ్రమ్ము దగ్గరికి రానివ్వలేదు.

"వెలిగిందా అమ్మా?" మెట్ల దగ్గర ఓనరుది రోజూ అదే ప్రశ్న.

"వెలుగుతది."

పండుగ ముందురోజు పొద్దున పొయ్యి మీద నీలి మంట నిలబడింది. ఆ మంట మీదే భక్షాలు కాల్చి, మొదటి పళ్లెం హనుమత్ప్రసాద్ ఇంటికి పంపింది. మరుక్షణమే బజారుకెళ్లి తాళం కొనుక్కొచ్చి డాబా తలుపుకు వేసింది.

నరేశ్ తర్వాత కృష్ణానగర్‌కు మారిపోయాడు. చివరిసారి పంజాగుట్ట మెట్రో మెట్ల మీద ఎదురుపడినప్పుడు, ఓనరు ఇంకా సతాయిస్తున్నాడా అని అడిగాడు.

"సారా? పొద్దుగాల చాయ్ నా పొయ్యి మీదిదే తాగుతుండు," అంది చంద్రావతి. "గని డాబా తాళంచెవి మాత్రం ఇయ్యలే."