అడగకుండా ఇచ్చిన సెలవు

ఎనభైల్లో తిరుపతి దగ్గర గ్యాస్ సిలిండర్లు నింపే ప్లాంటులో ఎలక్ట్రీషియన్‌గా చేసేవాణ్ణి. నిప్పురవ్వ బయటికి రాకుండా ఆపే స్విచ్ పెట్టె మూత బీటవారింది. తనిఖీ పుస్తకంలో 'బాగుంది' అని సంతకం పెట్టనన్నాను.

నాకు పని నేర్పిన సూపర్‌వైజర్ కోప్పడలేదు. "కొండకు మొక్కుండాదంటివి గదా, సెలవిస్తా, పోయి గుండు కొట్టించుకుని రాప్పా. మూత నేను మార్పిస్తా," అన్నాడు.

రెండోరోజు గుండుతో, ఆయన కోసం లడ్డుతో వచ్చాను. అదే మూత, బీట మీద కొత్త రంగు. పుస్తకంలో నా సంతకం, ఆయన చేతిరాతలో!

"ఏందన్నా ఇది? పేలితే?" అన్నాను.

"తనిఖీకొచ్చిన ఆఫీసరు చూసి పోయినాడు, ఏమీ కాలేదు గదప్పా. లడ్డు తే," అని చెయ్యి చాపాడు.

ప్రసాదం కాబట్టి కాదనలేక ఆ చేతిలోనే పెట్టాను. ఇప్పటికీ ఎవరైనా అడగకుండా సెలవిస్తే నాకు భయమేస్తుంది.