వైండింగ్ మామకు వినిపించింది

పక్కింటి మామ పోయారు. మొన్న బుధవారం పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, అలాగే గోడకు ఆనుకున్నారట. అత్త కేక విని నేను పరుగెత్తేసరికే అంతా అయిపోయింది. పెద్దవయసే, షుగరు పీల్చి పిప్పి చేసిన మనిషే. అయినా వారం నుంచీ నాకు చేతులు ఆడటం లేదు. నేను పనిచేసే బడి ఆఫీసులో హాజరు పుస్తకాల మధ్య కూచుని, ఆగి ఆగి ఇది రాస్తున్నాను.

కోలారు బంగారు గనుల కూలీల ఇళ్ళ వరసలు, మా కోరమండల్ లైన్లలో ఆయన్ని అందరూ వైండింగ్ మామ అనేవారు. గనులు సర్కారు చేతికి వచ్చాక పనిలో చేరి, మూతపడేదాకా వైండింగ్ ఇంజన్ నడిపారు. మనుషుల్ని గనిలోకి దించి, పైకి లాగే యంత్రమది. నడిపేవాడికి గని కనపడదు. కింద నుంచి గంట కొడతారు, దెబ్బలు లెక్కపెట్టుకుని ఆయన నడపాలి. "ఇన్నేండ్లు మనిషి మొగం చూడకుండానే పని చేసినానమ్మా. గంటే నాకు మాట" అనేవారు. ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. విని ఊరుకున్నాను.

మా అమ్మాయికి ఇప్పుడు పదిహేనేళ్ళు. ఆటిజం. మాట లేదు. దాని చిన్నప్పుడు టీవీలో రోజూ సాయంత్రం ఒక సీరియల్ వచ్చేది. అందులో హీరోయిన్ చెల్లెలిది మా పిల్ల రకమే. అంటే, రకం అదే గానీ ఆ పిల్ల జడ ఎప్పుడూ చెదిరేది కాదు, చొంగ కారేది కాదు. పైగా ఒక్కసారి విన్న పాటను కీబోర్డు మీద వాయించేసేది. లైనంతా కళ్ళప్పగించి చూసేవారు. పొద్దున కుళాయి దగ్గర బిందె పెడితే చాలు, "మీ పాపకి ఏమొచ్చు?" అని అడిగేవారు. ఏమీ రాదని చెప్పలేక, బిందె నిండకముందే ఎత్తుకుని వచ్చేసేదాన్ని.

మామా ఆ సీరియల్ చూసేవారు, తిట్టుకుంటూనే. షుగరు వల్ల ఆయనకు అప్పటికే ఒక కాలు మోకాలి కింద తీసేశారు. "సినిమాలో కుంటోడు వచ్చినాడంటే వాడు దొంగన్నా కావల్ల, దేవుడన్నా కావల్ల. నా మాదిరి రేషన్ లైన్లో నిలబడి కసురుకునేవాడు ఒక్కడూ రాడు కదమ్మా!" అని నవ్వేవారు. నేనూ నవ్వాను. నవ్వి, ఆ ఆదివారమే రాబర్ట్‌సన్‌పేట వెళ్ళి చిన్న కీబోర్డు కొనుక్కొచ్చాను.

రోజూ సాయంత్రం పిల్లను దాని ముందు కూచోబెట్టి, వేళ్ళు పట్టుకుని మీటల మీద నొక్కించేదాన్ని. అది చేయి లాక్కుని బల్ల మీద వేలి కణుపుతో ఒక దెబ్బ కొట్టేది. మళ్ళీ పట్టుకునేదాన్ని. మళ్ళీ ఒక దెబ్బ. నా సంతోషం ఏం చెప్పను! తాళం వేస్తోందనుకున్నాను. బెంగళూరు రైలు దిగి మా ఆయన ఇంకా చెప్పులైనా విప్పకముందే, "దీనికి సంగీతం ఉందండీ" అని చెప్పాను.

పది రోజులైంది. ఒక సాయంత్రం మామ కర్ర పోటేసుకుంటూ లోపలికి వచ్చేశారు. ఎప్పుడూ గడప దగ్గరే ఆగి పిలిచే మనిషి. ముఖం ఎర్రగా ఉంది.

"ఏమ్మా, నీకు వినబళ్ళేదా? ఆ బిడ్డ ఆపమని కొడతా ఉండాది."

"తాళం మామా అది..."

"తాళమూ లేదు, గీళమూ లేదు. తల దువ్వేటప్పుడూ అంతే, కుక్కర్ కూసినప్పుడూ అంతే. ఒకటే దెబ్బ. గోడవతల నుంచి నాకు వినబడతా ఉండాది, పక్కన కూసున్న నీకు వినబళ్ళేదా? మా ఇంజన్‌కాడ ఒక గంట కొడితే ఆపల్ల. ఆపకపోతే కిందుండేవాళ్ళు చస్తారమ్మా."

దాని చేయి ఇంకా నా చేతిలోనే ఉంది. వదిలాను. వేళ్ళ చివర్లు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. పది రోజులు నా బిడ్డ నాతో మాట్లాడింది, నేను టీవీ మాట విన్నాను. ఇది రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

ఆ తరువాత అది ఏ విద్యా నేర్వలేదు. అనపకాయల కాలంలో మామా అదీ మెట్ల మీద కూచుని, నానిన గింజలు పితికి తొక్క తీసేవారు. అది పితికితే పప్పు గిన్నెలో పడేది కాదు, మామ కళ్ళద్దాలకు తగిలేది. ఆయన "ఓయమ్మో, చంపేసింది!" అనేవారు. చలిపెడితే తన నీలం స్వెట్టరు విప్పి దానికి కప్పేవారు. పావు గిన్నె పప్పుకి పూట గడిచిపోయేది.

సీరియల్ చివరి రోజు ఆ పిల్ల "అమ్మా" అని పిలిచింది. లైనంతా ఏడ్చారు. మామ వాళ్ళింట్లో కూచుని నేను మరీ ఏడ్చాను, ఏం దాచను, కుళ్ళుకున్నాను కూడా. మామ టీవీ కట్టేశారు. "ఆ బిడ్డకి మాటొస్తే గాని కత ముగించేది తెల్లేదు వాళ్ళకి. మనకి ఇంగ ముగింపు యాడుండాది? రేప్పొద్దున మళ్ళా తల దువ్వల్ల, పో" అన్నారు. అంతకన్నా గొప్ప ఓదార్పు నాకెవరూ చెప్పలేదు.

బుధవారం మధ్యాహ్నం మామను ఎత్తబోతుంటే, "పాపని ఇంట్లోనే పెట్టమ్మా, బెదురుతాది" అన్నారు ఎవరో. అత్త వినలేదు. "పిల్చుకోని రా" అంది. తీసుకెళ్ళాను. అది మామ వైపు చూడలేదు. నేరుగా గోడకున్న కొక్కెం దగ్గరికి పోయి, ఆయన నీలం స్వెట్టరు లాగి తల మీద కప్పుకుని, నేల మీద కూలబడింది. తరువాత నవ్వింది. గట్టిగా, ఇల్లంతా వినపడేలా.

ఏడ్చేవాళ్ళు ఆగిపోయారు. సీరియల్లో పిల్లయితే ఇక్కడ ఒక కన్నీటి బొట్టు రాల్చి, మామ పాదాల దగ్గర పువ్వు పెట్టేది. మాది నవ్వుతోంది. ఎందుకో నాకు తెలియదు. దాని నోరు మూయడానికి నా చేయి లేచింది. లేచి ఆగింది. "నవ్వనీమ్మా" అంది అత్త.

నేనూ పక్కనే నేల మీద కూచున్నాను. స్వెట్టరు లోపల అది ఇంకా నవ్వుతూనే ఉంది. ఊపిరి పీల్చినప్పుడల్లా ఆ నీలం ఉన్ని దాని నోటికి అంటుకుంటోంది, వదిలినప్పుడల్లా పొంగుతోంది.